అక్క తిన్న తేనె

కోరుట్లలో మా ఇంటి ముందుగదిలోనే తేనెను సీసాలకు పోసి అమ్ముతుంటాను. తెచ్చేది కొడిమ్యాలలో ఉండే మా చిన్నాయన. ఆయన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మోకాళ్లు సహకరించక చెట్లు మానేసి, గుట్టల్లో తేనె తీయడం పట్టుకున్నాడు.

ఆ ఎండాకాలం హైదరాబాద్‌లో ఒక దుకాణం వాళ్లు మా తేనె అమ్మిపెడతామన్నారు. కాకపోతే, అది నిజంగా అడవి పూలదేనని డిఎన్ఎ పరీక్షతో చూపించాలన్నారు. తేనెలో కలిసిన పుప్పొడిని బట్టి తేనెటీగలు ఏయే మొక్కల మీద వాలాయో చెబుతారట. చిన్నాయన కొత్తగా తెచ్చినదాంట్లోంచి ఒక సీసా పరీక్షకు పంపాను. సిరిసిల్లలో మా అక్కకు దగ్గు తగ్గడం లేదంటే ఆమెకొకటి ఇచ్చివచ్చాను. మిగతాది డబ్బాలోనే ఉంచాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున బావ ఫోన్ చేశాడు. సాంచాల మీద పని ఆయనది. ఎప్పుడు మాట్లాడినా వెనక ఆ మరమగ్గాల మోత ఉండేది. ఆ రోజు ఏ చప్పుడూ లేదు.

"మీ అక్క మనిషి తీరు లేదు. దవాఖానకు తెచ్చినం. జర జల్ది రా."

వెళ్లేసరికి అక్క మంచం మీద కూర్చుని ఉంది. మొహం కందిపోయింది. నోరు ఎండి మాట ముద్దగా వస్తోంది. కంటిపాపలు ఎంత విచ్చుకున్నాయంటే, అవి మా అక్క కళ్లలా లేవు. గాలిలో దారమేదో ఉన్నట్టు రెండు వేళ్లతో లాగి, ఎడమ చేతికి చుట్టుకుంటోంది. ఇంట్లో ఆమె చేసేది కండెలకు నూలు చుట్టే పనే.

"అక్కా, నేను," అన్నాను.

"ముట్టకు. తెగుతది," అంది, నా వైపు చూడకుండా.

పురుగుల మందు తాగిందేమోనని బావ భయం. డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. "ఆ మందైతే కంటిపాప చిన్నగవుతది. గిది ఉమ్మెత్త తిన్నోళ్ల తీరున్నది. ఇంట్ల వంట ఎవరు చేస్తరు?"

వంట చేసేది అక్క అత్త. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. బావ తల్లి వైపు ఒక్కసారి చూసి, వెంటనే చూపు దించుకున్నాడు. ఆ చూపును ఆమె పట్టేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి నడిచింది. నేనూ ఆమెనే అనుమానించాను.

మర్నాడు దవాఖాన ఆవరణలో ఉండగా పరీక్ష చేసినామె ఫోన్ చేసింది.

"అడవి తేనేనండీ. వేప, చింత, మోదుగ ఉన్నాయి. ఉమ్మెత్త కూడా వచ్చింది, చాలా ఎక్కువగా. ఎవరూ తినలేదు కదా?"

మా అక్క తిన్నదని చెప్పాను. విషం ఉన్నట్టేనా అని అడిగాను.

"మొక్క పేరు వరకే మేం చెప్పగలం. విషం సంగతికి వేరే పరీక్ష కావాలి. ఆ తేనె మాత్రం ఎవరికీ ఇవ్వకండి."

డాక్టర్‌కు చెప్పాను. బావ ఇంటికి వెళ్లి సీసా తెచ్చాడు. సగానికి పైగా ఖాళీ అయింది. "గిదే అయ్యుండొచ్చు," అన్నాడు డాక్టర్. అంతకు మించి ఆయనా చెప్పలేకపోయాడు.

అక్క తేరుకుంటోందని తెలిశాక, మిగిలిన డబ్బా పట్టుకుని కొడిమ్యాల వెళ్లాను. చిన్నాయన నన్ను గుట్ట దగ్గరికి తీసుకుపోయాడు. గుట్ట సగమే ఉంది. కంకర మిషన్ దుమ్ముకు చెట్లన్నీ బూడిద రంగులో ఉన్నాయి. రాళ్ల కుప్పల మధ్య నడుమెత్తున ఉమ్మెత్త లేచింది. పొద్దు గూకుతుంటే తెల్లటి పూలు విచ్చుకుంటున్నాయి. ఒక్కో పూవులోకీ ఈగలు దిగిపోతున్నాయి.

"గీ ఏడు గుట్టకు వేరే పూలు లెవ్వు బిడ్డా," అన్నాడు చిన్నాయన. "తేనె తీసిన్నాడు నేను గూడ ఏలు నాకిన. నోరెండింది. ఎండకనుకున్న."

అక్కడే గొయ్యి తీసి డబ్బా మొత్తం ఒంపాం. మట్టి కప్పుతున్నంతసేపూ ఈగలు మా చేతుల చుట్టూ తిరిగాయి.

"మనం పూడిస్తే ఏమైతది," అన్నాడాయన. "అవి రేపు గూడ గీడికే అస్తయి."

అక్క ఇంటికి చేరింది. ఆ రోజులేవీ ఆమెకు గుర్తు లేవు. పరీక్షలో తేలిందంతా అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. అత్త చివరిదాకా విని, "తేనె తిని ఎవ్వలకన్న మతి తప్పుతదా? నా మీద అనుమానం తుడువనీకె చెప్తున్నవు," అని లేచి వెళ్లిపోయింది. బావ ఆపలేదు.

తరువాత ఒక మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"తేనెతోనే అయిందని నాకెరుకే చెల్లె. మా అత్త అసొంటిది కాదు. అయినా ఆమె పెట్టిన అన్నం గొంతు దిగుతలేదు."

శ్రావణం వచ్చేసరికి ఆ ఇంట్లో రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి.