గుడివాడలో ఆరు బంతులు

నాకు కోపం వస్తే అరవను. గుర్తు పెట్టుకుంటాను. బందరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చానంటే అందుకే.

ఆ రోజు గాలిలో తిరుగుతూ వెళ్లే బంతి గురించి పాఠం. బంతి ముందుకు దొర్లుతున్నట్టు తిరుగుతూ వెళ్తే దాని పైన గాలి నెమ్మదిస్తుంది, కింద వేగంగా జారుకుంటుంది. ఆ తేడాకి బంతి మామూలు కంటే ముందే కిందకి దిగిపోతుంది. నోటితో ఇదంతా సరిగ్గానే చెప్పి, తొందరలో బోర్డు మీద బాణం మాత్రం పైకి గీశాను. చివరి బెంచీలోంచి గిలకలదిండి పిల్ల లేచింది.

"పైకి లేవదండి మేడమ్. కిందకి దిగుద్ది. నేను రోజూ వేస్తానండి."

క్లాసంతా గొల్లుమంది. బాణం చెరిపి తిప్పి గీశాను. "కూర్చో తల్లీ, రేపట్నుంచి పాఠం నువ్వే చెబుదువుగాని" అని నేనూ నవ్వాను. లోపల మాత్రం భగ్గుమంది. చేపల వాసన కొట్టే యూనిఫాం వేసుకొచ్చి నాకు చెబుతుందా! అవును, అచ్చం ఇలాగే అనుకున్నాను.

ఆ పిల్ల స్పిన్ బౌలర్. గిలకలదిండి హార్బర్ పక్కన ఇసుకలో అన్నలతో ఆడి నేర్చుకుంది. బోట్ల మీది జెండాలు చూసి గాలి ఎటుందో చెప్పేస్తుంది. సముద్రపు గాలికి ఎదురుగా నిలబడి బంతిని తిప్పి వదులుతుంది. ఎదురుగాలి ఉంటే కిందకి తోసే బలం ఇంకా పెరుగుతుంది. బ్యాట్ ఊపేలోపే బంతి దిగిపోతుంది. గుడివాడలో జిల్లా జట్టు సెలెక్షన్స్ అనగానే వాళ్లమ్మ తేల్చి చెప్పేసింది. సెలెక్టయితే స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ దాకా చదువు, లేకపోతే చదువు మానేసి తనతో రొయ్యలు ఒలిచే షెడ్డుకి.

ఆడపిల్లకు తోడుగా ప్రిన్సిపాల్ గారు నన్ను పంపారు.

ఆ గ్రౌండు చుట్టూ ఎత్తైన బిల్డింగులు. ఒక మూడంతస్తుల మేడ మీద ఏదో జెండా రెపరెపలాడుతోంది. ఆ పిల్ల అలవాటు కొద్దీ జెండా వైపే చూసింది. ఆ గాలికి ఎదురుగా వేసేలా బౌలింగ్ ఎండ్ మార్పించుకుంది. గాలి ఉన్నది మేడ పైన. కింద నా పవిటచెంగు కూడా కదలడం లేదు. ఇక్కడ బంతి అంత తొందరగా దిగదు, కాస్త పొట్టిగా వెయ్యమ్మా అని నేనొక్క మాట అంటే సరిపోయేది.

పాపం, వచ్చి అడిగింది కూడా. "ఎదురుగాలే కదండీ మేడమ్?"

"నీకు తెలియనిది నాకేం తెలుసమ్మా!" అన్నాను.

మెచ్చుకున్నాననుకుంది పిచ్చి మొహం. సంబరంగా పరిగెత్తింది.

మొదటి బంతి దిగలేదు, నేరుగా బ్యాట్ మీదకి వెళ్లింది. ఫోర్. ప్రతి బంతికీ ముందు జెండా వైపు చూసి, ఇంకా గట్టిగా తిప్పి, అక్కడే వేసింది. అయిదోది గోడ అవతల పడింది. నేను వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. నాకు సంతోషంగా ఉంది. దాచడం దేనికి? ఆరోది కూడా గోడ దాటాక సెలెక్టర్ "ఇంక చాలమ్మా" అన్నాడు.

తిరుగు బస్సు గుడ్లవల్లేరు దాటాక ఆ పిల్ల నా వైపు తిరిగింది.

"కింద గాలే లేదండి మేడమ్. అంతా అయిపోయాక తెలిసిందండి. మీకు ముందే తెలుసాండీ?"

"తెలియదమ్మా."

"మీకే తెలియలేదంటే నాకేం తెలుస్తుందిలెండి" అని కళ్లు తుడుచుకుంది. కాసేపటికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

రెండు రోజుల తర్వాత వాళ్లమ్మ కూతురి టీసీ తీసుకోవడానికి కాలేజీకి వచ్చింది. పనిగట్టుకుని స్టాఫ్ రూముకి వచ్చి, నా చేతిలో ఒలిచిన రొయ్యల పొట్లం పెట్టింది.

"మా పిల్ల కోసం అంత దూరం వచ్చారంట కదండీ. ఇయ్యి పిల్లే ఒలిచిందండి."

తీసుకున్నాను. ఆ పూటే వేయించుకుని తిన్నాను. రుచిగానే ఉన్నాయి.