నిత్యానందం మాస్టారి పళ్ల పాఠం

కొల్లేటి ఒడ్డున కైకలూరుకు కొంచెం ఎడంగా ఉన్న ఒక పల్లెలో నిత్యానందం మిషను బడి నడిపేవాడు. ముప్ఫై ఏళ్లు దాటేదాకా అతనికి తిండి గురించి ఆలోచించే పనే పడలేదు. పిల్లల తల్లులు తెచ్చిచ్చే బొమ్మిడాయిలతోనో చిన్న చేపలతోనో భార్య హన్నమ్మ పులుసు పెట్టేది. అతను తినేవాడు.

1933 వేసవిలో ట్రైనింగుకని ఏలూరు వెళ్లినప్పుడు పాండురంగారావు అనే సైన్సు మాస్టారి ఉపన్యాసం విన్నాడు. ఆయన బల్ల మీద కుక్క పుర్రె, ఆవు దవడ పక్కపక్కన పెట్టి, "మీ పళ్లు నాలుకతో తడిమి చూసుకోండి. వీటిలో దేనికి దగ్గరండీ?" అని అడిగారు. పులి పేగు పొట్టిదనీ, గడ్డి మేసే జంతువు పేగు పొడుగనీ, మనిషి పుట్టుకతో ఆ రెండో కోవవాడేననీ చెప్పారు. నిత్యానందం తెలివైనవాడు, కానీ పుస్తకాలు దొరకని చోట బతుకుతున్నవాడు. ఇంత పెద్ద సంగతి తన ఊరికి తానే మోసుకెళుతున్నానన్న సంబరంలో పడవెక్కాడు.

ఇంటికి రాగానే చేపలు వండే మట్టి దాకను బయట పెట్టించాడు.

"అదేంటండీ, ప్రభువే చేపలు పంచిపెట్టారు కదండీ?" అంది హన్నమ్మ.

"ఆదిలో ఆదాముకి ఇచ్చినవి పళ్లూ గింజలే కదా! మన ఒంటి నిర్మాణమూ అదే చెబుతోంది."

పాలు దూడ సొత్తని అవీ మానిపించాడు. బడిలో పిల్లల చేత నోళ్లు తెరిపించి పళ్ల పాఠం చెప్పాడు. వలలు వేసి బతికేవాళ్ల పిల్లలు తలలు దించుకు కూర్చుంటే, పాఠం బాగా ఎక్కిందనుకున్నాడు.

కూతురు విజయకుమారికి అప్పుడు రెండేళ్లు. అన్నంలో ఆకుకూర కలిపి పెడితే ఉమ్మేసేది. ఉత్తన్నం, అరటిపండు, అంతే. మరుసటి ఏడు ఒకరోజు దీపాలు పెట్టేవేళ, తల్లి పిలుస్తుంటే వస్తూ వస్తూ గోడకు గుద్దుకుంది. పక్కింటి పాపమ్మ చూసి, "రేచీకటి తల్లీ. మేక కార్జం కాల్చి నాలుగు రోజులు పెట్టు" అంది.

హన్నమ్మ ఆ మాట భర్తతో చెప్పింది.

"ఎవరో ఏదో అన్నారని పసిదాని నోట్లో మాంసం పెడతావా?"

"మందనుకుని పెడదామండీ. తర్వాత మీ ఇష్టం."

"వద్దన్నానా!"

ఆమె మరి అడగలేదు. చాటుగానైనా పెట్టి ఉంటే బాగుండునని ఆ తర్వాత అతను ఎన్నిసార్లు అనుకున్నాడో! కానీ ఆమె అలాంటి మనిషి కాదు.

ఆ ఎండాకాలం పిల్లకు తట్టు పోసింది. జ్వరం తగ్గాక చూస్తే కుడికంటి నల్లగుడ్డు తెల్లబడి ఉంది. పిల్లను పడవలో వేసుకుని కొల్లేరు దాటి ఏలూరులో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన కనురెప్పలు విప్పి చూసి, పిల్ల ఏం తింటోందో అడిగి తెలుసుకున్నారు.

"కుడిది ఇక రాదు మాస్టారూ. ఎడమదైనా నిలబెట్టుకుందాం" అని ఒక సీసా ఇచ్చారు. చేప కార్జం నుంచి తీసిన నూనె అది.

సీసా పట్టుకుని నిత్యానందం, "మరి మనిషి పుట్టుకతో శాకాహారి కాదాండీ?" అన్నాడు. అలాంటి సమయంలో ఆ ప్రశ్న ఎలా నోట వచ్చిందో అతనికే తెలియదు.

"ఆ తగువు నేను తేల్చలేనండీ. నేనూ నీచు ముట్టను. కానీ మా ఇంట్లో రెండు గేదెలున్నాయి. మా పిల్లలు వెన్నా పెరుగూ తిని పెరుగుతున్నారు. కళ్లకి కావలసిన సత్తువ వాటిలో ఉంటుంది. మీరు పాపకి అవన్నీ తీసేశారు. వాటి చోట ఏం పెట్టారండీ?"



ఎడమకన్ను దక్కింది. బడి తెరిచిన రోజున అతను పిల్లల ముందు నిలబడి, "ఆ పళ్ల పాఠం నేను సగం తెలిసి చెప్పాను. మీ ఇళ్లల్లో తినేదానికి మీరు సిగ్గుపడక్కర్లేదు" అన్నాడు. పిల్లలు ఆ పాఠం ఎప్పుడో మరిచిపోయారు. మాస్టారు దేని గురించి చెబుతున్నారో వాళ్లకి అర్థం కాలేదు.

విజయకుమారికి ఎనిమిదేళ్లు వచ్చాయి. ఇంట్లో మళ్లీ చేపలు వండుతున్నారు కానీ ఆ పిల్లకు ఆ వాసనే గిట్టదు. అతను ముళ్లు ఏరి ముద్ద కలిపి నోటిదాకా తెస్తాడు. "కంపు నాన్నా, నాకొద్దు" అని ముఖం తిప్పేసుకుంటుంది. హన్నమ్మ కంచంలో పెరుగు వేస్తుంది. ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారీ, "నేను చెప్పాను కదండీ" అనలేదు. అని ఉంటే భరించేవాణ్ణి, అనకపోవడమే బరువుగా ఉందని అతను అనుకుంటాడు.