కడబూర అనుకున్న కూత

నా చిన్నప్పుడు ఒకనాటి పొద్దున లోకం అంతమైపోయిందని నేను మనసారా నమ్మాను. మధ్యాహ్నమయ్యేసరికి అదే లోకం చెరుకు వాసనతో, జనంతో, చప్పుళ్ళతో నా ముందు కిటకిటలాడింది. అంత సంతోషం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఆ పొద్దుటికీ ఆ మధ్యాహ్నానికీ మధ్య నన్ను చెయ్యి పట్టుకుని నడిపించింది మా పెద్దమ్మ.

మా ఊరు బోధన్‌కు కోసు దూరం. పెద్ద కాలువ వచ్చి అప్పటికి కొన్నేళ్ళే అయింది. జొన్నలు పండిన చేలల్లో వరి, చెరుకు పండుతున్నాయి. చెరుకంటే మాకు గానుగ, బెల్లం, అంతే. చక్కెర అనేది షావుకార్ల ఇళ్ళల్లో సీసాలో ఉండే తెల్లటి వస్తువు. అలాంటిది బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కడుతున్నారని, మన ఊళ్ళ చెరుకంతా అక్కడికే పోతుందని చెప్పుకోవడం మొదలైంది. దాని పొగగొట్టం నెలనెలా పెరుగుతూ మా వాడలోంచి కూడా కనబడేది. తాడిచెట్టు మీద తాడిచెట్టు నిలబెట్టినట్టు ఉందని మా అమ్మ అనేది.

మా బాపు ఉపదేశి. చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకు తిరిగి వాక్యం చెప్పేవాడు. మా వాడలో గడ్డి కప్పిన ప్రార్థన గుడిసె ఒకటి ఉండేది. ఆదివారం అందులో బాపు గొంతు విప్పితే కాలువ అవతలికి వినబడేది. ఆ సంవత్సరం ఎందుకో బాపుకు కడబూర మీద మనసు పోయింది. చివరి రోజున ఆకాశంలో బూర మోగుతుందని, పొలంలో ఇద్దరుంటే ఒకరు తీసుకుపోబడతారు, ఒకరు మిగిలిపోతారని, విశ్వాసికి ఆ దినాన భయమే ఉండదని వారం వారం చెప్పాడు. పెద్దవాళ్ళు తలలూపారు. నేను మాత్రం చాప అంచు పట్టుకుని వణికాను.

నేను పుట్టుకతోనే పిరికిదాన్ని. అమ్మ నీళ్ళకు పోయి కాస్త ఆలస్యమైతే బావిలో పడిందనుకునేదాన్ని. బాపు పక్క ఊరికి పోతే తోవలో పామును ఊహించుకునేదాన్ని. అప్పుడు ముద్ద దిగేది కాదు. ఇవన్నీ ఎవరికీ చెప్పలేదు. విశ్వాసికి భయం ఉండదు గదా, నాకు ఉందంటే నాలో విశ్వాసం లేదన్నమాట. అది ఉపదేశి బిడ్డ చెప్పుకునే మాటేనా? దానికి తోడు ఇంకొక సంగతి. రెండు వారాల కింద పంట పండుగకు ఊరివాళ్ళు కానుకలు తెచ్చారు. బియ్యం, గుమ్మడికాయలు, ఒక పెద్ద బెల్లం అచ్చు. ఎవరూ లేనప్పుడు ఆ అచ్చు అంచు విరిచి నేను నోట్లో వేసుకున్నాను. దేవుని బెల్లం. బూర మోగితే మిగిలిపోయేది ఎవరో నాకు స్పష్టంగా తెలుసు.

ఆ పొద్దున నేను రెండు మేకలను తోలుకుని పడమటి చేల వైపు వెళ్ళాను. చలికాలం, ఇంకా మంచు తెరిపివ్వలేదు. మేకలు తుమ్మకొమ్మ అందుకుంటున్నాయి. ఉన్నట్టుండి తూర్పు నుంచి ఒక కూత లేచింది. మనిషిది కాదు, జంతువుది కాదు. మొదట సన్నగా మొదలై లావై, ఇంకా లావై, మబ్బుల్ని చీల్చుకుని వచ్చి నా పండ్లను అదరగొట్టింది. కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. మేకలు చెరొక దిక్కు పరుగు తీశాయి. అది ఎంతసేపు మోగిందో తెలియదు. ఆగిపోయాక వచ్చిన నిశ్శబ్దం ఆ కూతకంటే భయంగా ఉంది.

నేను ఇంటికి పరుగెత్తాను. వాడలో మనిషి లేడు. ఒక్క గడపలో కూడా ఎవరూ లేరు. మా ఇంట్లో పొయ్యి మీద గంజి పొంగి మూత ఎగిరెగిరి పడుతోంది. గుమ్మం ముందు బాపు చెప్పులు ఉన్నాయి. కొయ్యకు బాపు రుమాలు వేలాడుతోంది. తలకు రుమాలు లేకుండా, కాళ్ళకు చెప్పులు లేకుండా మా బాపు గడప దాటడం నేనెన్నడూ ఎరగను. అమ్మను పిలిచాను. అన్నను పిలిచాను. ఎవరూ పలకలేదు. దేవుడు తీసుకుపోయాడు, నన్ను ఒక్కదాన్నే వదిలి అందరినీ తీసుకుపోయాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. ఊపిరి మాత్రం అందడం లేదు.

అప్పుడు పక్క గుడిసెలో దగ్గు వినబడింది. పెద్దమ్మ, మా బాపు అన్న భార్య. పెదనాన్న పోయినప్పటి నుంచి ఒంటరిగా ఉండేది. చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటికీ మంత్రసాని ఆమెనే. ముందు రాత్రి ఎక్కడో కాన్పు చేసి తెల్లవారుజామున వచ్చి పడుకుంది. ఒక కాలు ఈడుస్తూ నడిచేది కనుక ఎక్కడికీ త్వరగా పోలేదు. తలుపు తడక తోసుకుని ఆమె బయటికి రాగానే నేను ఆమె కొంగు పట్టుకుని కుప్పకూలాను.

"ఏమైంది బిడ్డా, గట్ల రొప్పుతున్నవ్?"

"అందరు పోయిండ్రు పెద్దమ్మా. బూర మోగింది. మనిద్దరిని ఇడిచిపెట్టి పోయిండ్రు."

ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నా పక్కనే మట్టి అరుగు మీద కూర్చుని నా అరచెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకుంది. ఆ ముసలి గుండె నా గుండెలాగే కొట్టుకుంటోంది.

"సూసినవా? నాకు గూడ దడ వచ్చింది. నిద్రల నుంచి అదిరిపడి లేచిన."

ఆమెకు భయమా? కాన్పు కష్టమైతే మిషన్ ఆసుపత్రి దొరసాని డాక్టరమ్మ కూడా కబురు పెట్టే మా పెద్దమ్మకు భయమా? మరి నీకు విశ్వాసం లేదా పెద్దమ్మా అని అడిగేశాను.

"ఉంది. దడ గూడ ఉంది. రెండు ఒక్క ఇంట్లనే ఉంటయి బిడ్డా. పురుడు పొయ్యనీకి పోయినప్పుడల్లా నాకు కాళ్ళు వణుకుతయి. నిన్న రాత్రి గూడ వణికినయి. వణుక్కుంటనే పోత. తొవ్వ పొడుగుత ఆయనకు సెప్పుకుంట పోత, దేవా, నాకు భయమైతుంది, నువ్వు నా ఎంబడి రా అని. గంతే నా ప్రార్థన. నాకు సదువు రాదు గద, ఇంకేం సెప్పాలె?"

నేను నోరు తెరుచుకుని వింటున్నాను. ఆమె నా తల వెంట్రుకలు వెనక్కి తోసింది.

"ప్రభువు గూడ సిలువకు ముందు తోటల మోకాళ్ళ మీద పడి వణికిండని మీ బాపే సెప్తడు గద. చెమటలు కారినయట. ఆయన పాపం చేసిండా మరి? ఇంక లోపట ఏమున్నదో సెప్పు. అదొక్కటే కాదు, నీ మొఖం సూస్తె తెలుస్తుంది."

బెల్లం సంగతి బయటికి వచ్చేసింది. ఎంత తిన్నావని అడిగింది. బొటనవేలి కొస చూపించాను. అప్పుడు మాత్రం ఆమె పెదవులు కదిలాయి.

"గింత బెల్లానికి బిడ్డను ఇడిచిపెట్టి పోయే తండ్రైతే, నేనిన్నేండ్లు ఆయన ఎంబడి తిరుగుదునా? తప్పు తప్పే. మీ బాపుకు సెప్పు, ఒడిసిపోతది. ఇంకోటి ఇను. ఆయన పిలిస్తె పేరు పెట్టి పిలుస్తడు. గిట్ల ఊరు అదిరేటట్టు కూత పెట్టడు. ఆ కూతల నీ పేరు ఇనబడ్డదా?"

ఆలోచించాను. లేదన్నాను.

"నాది గూడ ఇనబడలే. మరి లెవ్వు. ఆ మొత్తుకున్నదేందో పోయి సూద్దాం."

పొయ్యి మీది కుండ దించి, నిప్పు మీద నీళ్ళు చల్లి, కర్ర అందుకుంది. నా కాళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. వణుకు ఆగాక పోదామని ఆమె అనలేదు. మేము అలాగే బయల్దేరాము.

బండ్ల బాట ఎక్కేసరికి అక్కడ చెరుకు బండ్ల వరుస కనిపించింది. ఇరవై ఉన్నాయో ముప్పై ఉన్నాయో, ఒకదాని వెనక ఒకటి, ఎడ్ల మెడల్లో గంటలు మోగుతూ, చెరుకు ఆకులు నేలను ఊడుస్తూ తూర్పుకు పోతున్నాయి. ఒక రైతు మా పెద్దమ్మను చూసి బండి ఆపాడు. అతని ఇద్దరు కొడుకులకూ పురుడు పోసింది ఆమెనే. చెరుకు మోపుల మీద ఎక్కి కూర్చోమన్నాడు. ఆ కూత ఏమిటని పెద్దమ్మ అడిగితే అతను పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఫ్యాక్టరీ భోంగా అది. పనోళ్ళను పిలిసేదట. ఇయ్యాలనే మొదటిసారి మోగిచ్చిండ్రు. మా ఎడ్లు బెదిరి బండిని సగం దూరం ఎనక్కి గుంజుకపోయినయి. మీ వాడోళ్ళందరు కాలువ గట్టుకు ఉరికి, ఆన్నుంచి బోధన్‌కు పోయిండ్రు సూడనీకి."

పోయింది ఆకాశానికి కాదు, బోధన్‌కు. నాలోంచి ఏదో పెద్ద మూట దిగినట్టయింది. మరుక్షణం ఆకలి వేసింది. రైతు ఒక గడ విరిచి ఇచ్చాడు. చెరుకు నములుతూ, అంత ఎత్తు నుంచి కాలువను, చేలను, దగ్గరవుతున్న పొగగొట్టాన్ని చూస్తూ పోవడం నాకు రాణి ఊరేగినట్టే ఉంది. గొట్టం మొన నుంచి నల్లటి పొగ లేస్తోంది. గాలిలో తియ్యటి ఆవిరి, ఊరంతా ఒకే పెద్ద మూకుట్లో పాకం కాస్తున్నట్టు.

ఫ్యాక్టరీ ముందు జాతరే. కాసె పోసి చీరలు కట్టిన మరాఠీ ఆడవాళ్ళు, టోపీలు పెట్టిన సాయిబులు, చంకలో పిల్లలతో మా పల్లెల జనం. హటో హటో అని జవాన్లు అరుస్తున్నారు. కంచె లోపల నూనె మరకల బట్టల్లో ఒక పనివాడు బీడీ తాగుతూ నిలబడ్డాడు. పెద్దమ్మ నేరుగా అతని దగ్గరికే పోయింది. ఆ మొత్తుకునేదాన్ని మా బిడ్డకు చూపించు నాయనా అంది. అతను పైకి వేలు చూపించాడు. కప్పు మీద ఇత్తడి రంగు గొట్టం, నా చెయ్యంత కూడా లేదు.

"గదేనా?" అన్నాను.

"గదే. భాప్ తెలుసా? ఆవిరి. మీ ఇంట్ల గంజి కాగితె మూత లేస్తది గద, గట్లనే. ఆవిరికి తొవ్వ ఇరుకైతె అరుస్తది. మల్ల పన్నెండింటికి మోగిస్తం. ఉండి సూడు."

మేము ఉన్నాము. పన్నెండు ఎప్పుడవుతుందో మాకు తెలియదు, మా దగ్గర గడియారం ఏది? నీడలు పాదాల కిందికి వచ్చాయి. ఆ కూత ఏమిటో తెలిసినా, గొట్టాన్ని కళ్ళతో చూసినా, భయం భయమే. పెద్దమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"వణుకుతుంది పెద్దమ్మా."

"వణకనియ్యి. ఆయనకు సెప్పు."

దేవా, నాకు భయమైతుంది, నువ్వు నా ఎంబడి ఉండు అని పైకే అన్నాను. నా జన్మలో నేను సొంతంగా చేసిన మొదటి ప్రార్థన అదే. అంతకు ముందు చేసినవన్నీ బాపు నేర్పినవి.

గొట్టం మీద తెల్లటి పువ్వు విచ్చుకుంది. అంతలోనే కూత. పాదాల కింద నేల వణికింది, కంచె తీగ జుమ్మంది, నా ఎముకలు జుమ్మన్నాయి. పొద్దున వణికిన ఒళ్ళే అది, అదే గుండె దడ. కానీ ఈసారి నేను నోరంతా తెరిచి దానితో పాటు అరిచాను. చుట్టూ పిల్లలంతా అరిచారు. పెద్దమ్మ ఒక చెవి మూసుకుని, రెండో చెయ్యి నాకిచ్చి, కళ్ళు మూసుకుని పండ్లు లేని నోటితో నవ్వుతోంది. కూత ఆగితే జనమంతా చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల మధ్యనే బాపు కనిపించాడు. తలకు రుమాలు లేదు, కాళ్ళకు చెప్పులు లేవు, ధోవతికి మోకాళ్ళ దాకా బురద. నన్ను చూసి పరుగున వచ్చి ఎత్తుకున్నాడు. నేను మేకలతో తిరిగొచ్చి పెద్దమ్మ దగ్గర ఉంటానని అమ్మ అనుకుందట. మోకాళ్ళకు బురదేందని అడిగాను. బాపు పెద్దమ్మ వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

"బూర అనుకున్న బిడ్డా. కాలువ గట్టు మీదనే మోకాళ్ళేసిన. కాళ్ళు మస్తు వణికినయి."

ఇక ఆగలేక బెల్లం సంగతి చెప్పేశాను. బాపు నా చెవి దగ్గర నెమ్మదిగా, ఆ బురదలో తనకు కూడా రెండు మూడు సంగతులు యాదికొచ్చినాయని, ఇవాళ పొద్దుగూకే లోపల పోయి ఇద్దరు మనుషులను క్షమించమని అడగాలని అన్నాడు. నిజంగానే అడిగాడు. మరుసటి ఆదివారం ప్రార్థన గుడిసెలో లేచి నిలబడి, విశ్వాసికి భయం ఉండదని నేను చెప్పిన మాట తప్పు, మొన్న నేనే వణికాను అన్నాడు. అంతమంది ఒకేసారి ఊపిరి వదలడం నేను అప్పుడే విన్నాను. ఆ రోజు ప్రార్థనలో ఒక్కొక్కరూ లేచి తమ భయం పేరు చెప్పుకున్నారు. మా అమ్మ భయం బావి. మా అన్న భయం పాము. ఇన్నాళ్ళూ నేను ఒక్కదాన్నే అనుకున్నాను.

ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. భయం నన్ను వదిలి ఎన్నడూ పోలేదు. ఒకప్పుడు అది మరీ ముదిరితే నిజామాబాద్‌లో డాక్టరు మందులు రాశాడు, వేసుకున్నాను. పెద్దమ్మ బతికి ఉంటే వేసుకోమనే అనేది. కానీ భయపడ్డందుకు మాత్రం ఆ రోజు తర్వాత నేను సిగ్గుపడలేదు, దేవుడు నన్ను వదిలేశాడని అనుకోలేదు.

పోయిన నెల కంటి ఆపరేషన్‌కు తీసుకుపోతుంటే చక్రాల బండి తోసే నర్సు పిల్ల భయమైతుందా అమ్మమ్మా అని అడిగింది. అవును బిడ్డా, చాలా భయమైతుంది అన్నాను. ఆ పిల్ల బండి ఆపి నా వైపు వింతగా చూసింది. పొద్దున్నుంచి వచ్చినవాళ్ళందరూ లేదనే చెప్పారట. కాసేపటికి వంగి, ఇదే తన మొదటి వారమని, తనకూ భయంగానే ఉందని గుసగుసగా చెప్పింది. చెయ్యి ఇటు ఇవ్వమన్నాను. ఇద్దరం అలాగే లోపలికి వెళ్ళాము.