రొయ్యలకు నచ్చిన ఒకే ఒక్క పాట

మొన్న గుడివాడ నుంచి బందరు వెళ్లే బస్సులో కిటికీ పక్కన బుద్ధిగా కూర్చున్నానా, వెనక సీట్లో ఎవరి ఫోన్లోనో ఒక పాట మొదలైంది. అంతే, నా కుడిచెయ్యి నన్ను అడక్కుండానే లేచి గాల్లోకి అర్ధచంద్రాకారంగా ఏదో విసిరింది. పక్కనున్న పెద్దాయన సంచీని ఒళ్లోకి లాక్కుని, "ఒంట్లో బాగానే ఉందాండీ?" అని అడిగారు. రొయ్యలకు మేత వేస్తున్నానండీ అని నిజం చెబితే గుడ్లవల్లేరులోనే దిగిపోయేవారు.

ఆ పాట తొంభైల చివర్లో వచ్చింది. 'వస్తావా, రావా, తేల్చి చెప్పవా' అని ఒకాయన ముక్కుతో బతిమాలతాడు. అంతకుముందు ఆయన పాడినట్టు ఎవరూ ఎరగరు, ఆ తర్వాత పాడిందీ లేదు. కేసెట్లో ఇంకో ఏడు పాటలున్నాయని అట్ట మీద రాసి ఉండేది గానీ, వాటిని విన్న మనిషి కృష్ణా జిల్లాలో నాకింతవరకు తారసపడలేదు. ఆ ఒక్క పాటనే మా బావ కృత్తివెన్ను దగ్గర తన రొయ్యల చెరువుకి జాతీయ గీతం చేశాడు. మొదటిసారి మేత వేసిన రోజున పాకలో టేప్‌రికార్డర్ అదే పాడుతోందట, రొయ్యలు మెతుకు మిగల్చకుండా తిన్నాయట. ఇక రోజుకి నాలుగు పూటలా, పొలిమేర దాకా వినిపించే రెండు స్పీకర్లలో ఆ పాట మోగాల్సిందే, డిగ్రీ తప్పి వాళ్లింట్లో తింటున్న నేను తెప్ప మీద నిలబడి తాళం తప్పకుండా మేత చల్లాల్సిందే. ఆ చెరువు దెబ్బతింటే బావ గుడివాడ వచ్చి మా నాన్న ఎరువుల కొట్లో కూర్చోవాలని ముందే ఒప్పందం. మా నాన్న పక్కన కూర్చోవడం కంటే కొల్లేట్లో మునగడం నయమని బావ అభిప్రాయం. మా అక్కయితే రెండో నెలలోనే ఒట్టు పెట్టుకుంది. "ఆ ముక్కుపాట ఆగేదాకా నేను చెరువు గట్టు తొక్కను" అంది. అప్పట్నుంచీ అన్నం క్యారియరు మోసే పదవి కూడా నాకే దక్కింది.

రొయ్యల పట్టుబడికి ఇంకా నెలుందనగా ఒక సాయంత్రం టేప్‌రికార్డర్ ఆ కేసెట్‌ని నమిలేసింది. లోపల్నుంచి బావ లాగిన టేపు కృత్తివెన్ను నుంచి నాగాయలంక దాకా పరవొచ్చు. మర్నాడు పొద్దున్న చెక్‌ట్రేలు లేపాం. రొయ్యలు తింటున్నాయో లేదో చూడ్డానికి గుప్పెడు మేత వేసి నీళ్లలో దించే వలపళ్లేలవి. వేసిన మేత వేసినట్టే ఉంది.

"బావమరిదీ, అలిగాయిరా" అన్నాడు బావ.

నన్ను బందరు తరిమాడు. కేసెట్ల కొట్లన్నీ గాలించాను. "ఆయన మళ్లీ పాడలేదు, మేం ఆ కేసెట్ మళ్లీ తెప్పించలేదండీ" అన్నాడొక కొట్టాయన. ఒట్టి చేతులతో వచ్చేసరికి బావే గట్టు మీద నిలబడి పాడుతున్నాడు. కొంగలు సముద్రం వైపు లేచిపోయాయి. రొయ్యలకు ఆ అవకాశం లేదు. ఆ రోజూ, మర్నాడూ చెక్‌ట్రేలు నిండుగానే లేచాయి, బావ క్యారియరూ నిండుగానే వెనక్కి వెళ్లింది.

మూడో రోజు మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని అక్కే గట్టు మీదికొచ్చింది. "రొయ్యలు తినకపోతే మీరూ తినరా?" అని బావని అడిగి, జవాబు కోసం చూడకుండా చెరువు వైపు తిరిగి పాట ఎత్తుకుంది. పల్లవే కాదు, మాకెవరికీ రాని రెండో చరణం కూడా. అసహ్యించుకుంటూనే అక్షరం పొల్లు పోకుండా నేర్చేసుకుంది. నేను నోరు తెరుచుకునే మేత చల్లాను. గంటన్నర ఆగి ట్రే లేపితే ఖాళీ. బావ ఆ ట్రేని కప్పు గెలిచినవాడిలా నెత్తిన పెట్టుకుని గట్టంతా తిరిగొచ్చి, మూడు రోజుల అన్నం ఒక్క పూటలో తిన్నాడు.

ఇంటికి వెళ్తూ అక్క నాతో మెల్లగా అంది. "మొన్న అమావాస్యరా. రొయ్యలు పెంకు విడిచాయి. ఆ రెండ్రోజులూ మేత ముట్టవు. ఇవాళ పాడినా తింటాయి, తిట్టినా తింటాయి."

"మరి బావకి చెప్పలేదేం?"

"చెబితే నమ్మేవారా? పాడితే నమ్మారు, అన్నం తిన్నారు."

పట్టుబడి దాకా రోజూ ఆవిడే పాడింది. ఒక్కో రొయ్యా నా అరచెయ్యంత పెరిగింది, బావ ఎరువుల కొట్టు గుమ్మం ఎక్కలేదు.

బస్సులోంచే అక్కకి ఫోన్ చేసి పాట వినిపించాను. "రెండో చరణం దాకా ఉంచరా, మీ బావకి స్పీకర్లో పెడతాను" అంది. ఆ చెరువులో ఇప్పుడు చేపలున్నాయి, బావ జుట్టు సగం పోయింది, నా నడుముకి తెప్ప మీద నిలబడే ఓపిక లేదు. మా ట్రేలో వేసినవన్నీ కాలం ఒక్కొక్కటే తినేసింది గానీ, ఆ ముక్కుపాటని మాత్రం ఎందుకో ముట్టలేదు.