నీలం రంగు గుట్కా

2022. జనం మాస్కులు తీసేసి, రెండేళ్ల తర్వాత మళ్ళీ ఒకరి పళ్ళు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టిన ఏడాది. పంటి డాక్టర్లకు మరీ చెడ్డ ఏడాదేమీ కాదు. జగిత్యాలలో నాకు సొంత క్లినిక్ ఉంది. బుధ, శనివారాలు మాత్రం సిరిసిల్లలో ఒక స్నేహితురాలి క్లినిక్‌లో కూర్చుంటాను. దాని వెనక వీధంతా మరమగ్గాల షెడ్లే. అక్కడివాళ్లు సాంచాలంటారు. పొద్దున్నుంచీ ఆగకుండా మోగుతూనే ఉంటాయి. నా డ్రిల్లు చప్పుడుకు భయపడే పేషెంట్లు సిరిసిల్లలో తక్కువ. వాళ్లకది వినపడదు.

రాజేశం అక్కడే పరిచయం. సాంచాల మీద పని, ముప్పై ఎనిమిదేళ్ల వయసు. పదేళ్లు గుట్కా నమిలి, కూతురు తల మీద చెయ్యిపెట్టి ఒట్టేసి మానేశాడు. మానేసి ఏడాది నిండాక నా దగ్గరికి వచ్చాడు. గుట్కా పోయింది గానీ ముందు పళ్ళ మీద దాని సంతకం మిగిలిపోయింది, మామూలు క్లీనింగ్‌కు లొంగనంతగా. పై వరుసలో ముందున్న నాలుగు పళ్ళకు కాంపోజిట్ వెనీర్లు వేశాను. వెనీర్ అంటే పంటి ముందువైపు అతికించే పల్చటి పొర. పింగాణీతో చేసినదైతే రంగు అంత తొందరగా పట్టదు, ఖరీదు ఎక్కువ. కాంపోజిట్ అనే రెజిన్‌తో చేసినది చవక, కానీ మెల్లగా రంగు పీలుస్తుంది. అందుకే మొదటి రెండు రోజులు చాయ్, పసుపు కూరలు వద్దన్నాను. మెత్తటి బ్రష్ వాడమన్నాను. ఆర్నెల్లకోసారి పాలిషింగ్‌కు రమ్మన్నాను. అన్నిటికీ తల ఊపాడు. పేషెంట్లందరూ ఊపుతారు. అదొక్కటే వాళ్లు తప్పకుండా పాటించే జాగ్రత్త.

మూడు నెలలు తిరక్కముందే మళ్ళీ వచ్చాడు. ఈసారి భార్య సరోజ ముందు నడిచింది, ఆయన వెనక.

"మేడం, గీన పండ్లు చూడుండ్రి జర," అని భర్తను తానే కుర్చీలో కూర్చోబెట్టింది.

ముందు రెండు పళ్ళ అంచుల్లో ఎర్రటి గోధుమ రంగు మరక.

"మళ్ళ గుట్కా మొదలుపెట్టిండ్రా?"

"లేదు మేడం. ముట్టలే."

"జర్దా? పాన్?"

"ఏది లేదు మేడం."

"మరి ఇదేంది?"

"నాకేం ఎరుక? గందుకే గద మీ దగ్గరికచ్చింది."

నేను నమ్మలేదు. చొక్కా జేబులో ప్యాకెట్ కనపడుతుండగా "అసలు వాసనే పడదు మేడం" అన్నవాళ్లను ఎందరినో చూసిన కళ్ళు నావి. సరోజ సూటిగా అడిగింది: "మీరే చెప్పుండ్రి మేడం. గీ రంగు దేనితోని అస్తది?"

"ఎక్కువగా గుట్కా, జర్దాతోనే వస్తుంది," అన్నాను. పుస్తకంలో రాసి ఉన్నదే చెప్పాను, అక్షరం పొల్లు పోకుండా. ఆ పేషెంట్ గురించి మాత్రం ఏమీ చెప్పలేదు.

నేను మరక పాలిష్ చేసి, ఆరోగ్యం మీద ఒక ఉపన్యాసం కూడా ఇచ్చి పంపించాను. ఉపన్యాసానికి ఫీజు తీసుకోలేదు.

నెల తర్వాత రాజేశం ఒక్కడే వచ్చాడు. నోరు తెరిపిస్తే వెనీర్ల మెరుపు మొత్తం పోయింది. మెరుపు కాగితం మీద గరుకు కాగితం రుద్దినట్టుంది.

"ఏం పెట్టి తోమిండ్రు?"

"బొగ్గుపొడి, ఉప్పు. తర్వాత నిమ్మకాయ, సోడా ఉప్పు."

"ఎవరు చెప్పిండ్రు?"

"కోరుట్లల మా బామ్మర్ది. వాట్సాప్‌ల పంపిండు."

"ఆయనేం చేస్తడు?"

"సెల్‌ఫోన్లు బాగుచేస్తడు మేడం."

ఆ రంగంలో ఆయన నిపుణుడే కావచ్చు. వెనీర్ మీద ఉన్న నునుపే దానికి రక్ష. బొగ్గు, సోడా కలిపి రుద్దితే కంటికి కనపడని గీతలు పడతాయి. ఆ తర్వాత ఏ రంగైనా ఆ గీతల్లోకి దిగి కాపురం పెడుతుంది. ఇదంతా చెబుతూ లైటు దగ్గరికి లాగి చూశాను.

మరక మళ్ళీ వచ్చింది. ఈసారి నీలంగా ఉంది.

నీలం రంగు గుట్కా నాకు తెలిసి ఇంకా ఎవరూ తయారు చెయ్యలేదు. అద్దం పెట్టి నోరంతా వెతికాను. బుగ్గల లోపల శుభ్రం. వెనక పళ్ళు శుభ్రం. కింది వరుస శుభ్రం. రంగు ఉన్నదల్లా పైన మధ్య రెండు పళ్ళ అంచుల్లోనే. గుట్కా అలా ఏరి ఏరి రెండు పళ్ళ మీద కూర్చోదు, నోరంతా తనదే అనుకుంటుంది. పోయినసారి కూడా మరక సరిగ్గా ఇక్కడే ఉంది. అప్పుడూ అద్దం నా చేతిలోనే ఉంది.

"సరోజ రాలేదా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఎల్లారెడ్డిపేటల ఉన్నది, తల్లిగారింట్ల. పోయినసారి గీడికెల్లి పోయినంక బిడ్డకు జొరమచ్చింది మేడం. పది రోజులు దవాఖానల పెట్టినం. పోరి మీద ఒట్టేసి అబద్ధమాడినవు, గందుకే గిట్లయింది అన్నది. తోలుకపోయింది. బిడ్డ ఫోన్ల గూడ మాట్లాడ్తలేదు. 'బాపూ, నువ్వు తిన్నవట గద, మేడమే చెప్పిందట,' అన్నది. గంతే."

పదేళ్ల పిల్ల. నేను ఆమెను చూడను కూడా లేదు. నా ఒక్క వాక్యం ఆమె దాకా ఎలా వెళ్ళిందో, దారిలో ఎలా కుదించుకుపోయిందో చూడండి.

అప్పుడు మొదటిసారి ఆయన్ను ప్రశ్నలు సరిగ్గా అడిగాను. పొద్దున లేచినప్పటి నుంచి నోట్లో ఏం పెడతారు? పేస్టు, చాయ్, అన్నం, నీళ్ళు. పెన్ను కొరుకుతారా? లేదు. మేకు, పిన్ను? లేదు. రంగు వస్తువు ఏదైనా? "లేదు మేడం, ఒట్టు..." అనబోయి, ఒట్టు మీద నమ్మకం పోయినవాడిలా ఆగిపోయాడు.

నా ఓపిక కూడా అయిపోయింది. "నడువుండ్రి, మీ షెడ్డు చూస్త," అన్నాను. రెండు సందుల అవతలే.

షెడ్డులో వరుసగా సాంచాలు, వాటి మీద నీలం చీరలు. రాజేశం తన చోటికి వెళ్ళగానే ఒక నాడెలో నూలు అయిపోయి సాంచ ఆగింది. నాడె అంటే నూలు కండెను కడుపులో పెట్టుకుని ఈ పక్క నుంచి ఆ పక్కకు పరిగెత్తే కొయ్య పెట్టె. దాని పక్కన చిన్న కన్నం ఉంటుంది. నూలు కొస ఆ కన్నంలోంచి బయటికి రావాలి. రాజేశం కొత్త కండె పెట్టి, కొసను లోపలి వైపు కన్నానికి ఆనించి, నాడెను పెదవుల దగ్గరికి తెచ్చి ఒక్కసారి పీల్చాడు. సర్రున దారం బయటికి వచ్చి పళ్ళ మధ్య పడింది. పళ్ళతోనే పట్టి లాగి, నాడెను దాని చోట పెట్టి, సాంచను నడిపించాడు. రెప్పపాటు పని. పది నిమిషాల్లో ఎన్నిసార్లు చేశాడో లెక్కపెట్టడం మధ్యలో మానేశాను.

"రాజేశం, ఇది నోట్లో పెట్టుకోవడం కాదా?"

నా వైపు, నాడె వైపు మార్చి మార్చి చూశాడు. "గిది పని గద మేడం."

"పోయిన నెల ఏం రంగు?"

"ఎర్రయి. గీ నెల నీలియి. గంతకుముందు అంత తెల్లగుడ్డనే."

వెనీర్లు వేసింది తెల్లగుడ్డ రోజుల్లో. చీరల ఆర్డర్ ఆ తర్వాత వచ్చింది. నూలుకు రంగు సరిగా పట్టకపోతే తడికి కొంచెం దిగుతుంది. మిగతావాళ్ల పళ్ళకు ఎందుకు అంటడం లేదని అడిగాను. పక్క సాంచ మీదున్న పెద్దాయన మల్లయ్య, పని ఆపకుండానే జవాబు చెప్పాడు.

"మాకు గూడ అంటుతది. మా పండ్లు దేవుడేసినయి, తోముకుంటె పోతది. గీనయి మీరేసిన్రు."

షెడ్డంతా నవ్వింది. శాస్త్రపరంగా ఆయన మాటలో నాకు తప్పు దొరకలేదు.

మరుసటి బుధవారం రెండు పళ్ళ అంచుల్లో రంగు దిగిన పొరను డిస్కులతో తీసేసి, కొత్త కాంపోజిట్ వేసి, ఈసారి పాలిషింగ్ ముతక నుంచి నున్నటి దాకా ఒక్క మెట్టు వదలకుండా చేశాను. తెల్లబరిచే జెల్ పెట్టమని రాజేశం అడిగాడు. బామ్మర్ది సలహా. అది అసలు పంటి మీద పనిచేస్తుంది గానీ వెనీర్ మీద కాదని చెప్పి, బామ్మర్దికి నా నమస్కారాలు పంపించాను.

పీల్చడం మానమంటే మానడు. వేగం తగ్గితే కూలి తగ్గుతుంది. క్లినిక్‌లో ఫ్లాస్ థ్రెడర్లు ఉంటాయి. కట్టుడు పళ్ళ కింద దారం దూర్చడానికి వాడే, పెద్ద కన్నున్న ప్లాస్టిక్ సూదులు. నూలు కొసను నోటితో కాకుండా వీటితో లాగమని ఒక ప్యాకెట్ ఇచ్చాను. మొదటి రోజు ఫోన్ చేసి, "గిది పట్టుకుంటె సాంచ నన్ను తిడ్తున్నది మేడం," అన్నాడు. వారం తిరిగేసరికి ఇంకో ప్యాకెట్ అడిగాడు. ఒకటి మల్లయ్యకట.

సరోజకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. శనివారం కూతురు శ్రావణిని తీసుకుని వచ్చింది. నా క్షమాపణ పూర్తిగా విని, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మాటతోని గాదు మేడం. మాటతోనే గద గిదంత అయ్యింది. రాసియ్యుండ్రి."

ప్రిస్క్రిప్షన్ కాగితం మీద రాశాను: రాజేశం గారి పళ్ళ మీది రంగు నూలుది, గుట్కాది కాదు, మొదట సరిగ్గా చూడకుండా చెప్పింది నేనే. సంతకం చేసి స్టాంపు వేశాను. శ్రావణి దాన్ని బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివింది. గుమ్మం దగ్గర నిలబడ్డ తండ్రిని ఒకసారి చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది.

"గట్లయితె నాకు జొరమెందుకచ్చింది మేడం?"

"దోమ కుట్టి ఉంటుంది."

"అది గూడ రాయుండ్రి."

నా పరిధిలోది కాదు. అయినా రాశాను.

మా కేస్ షీటులో 'అలవాట్లు' అని ఒక గడి ఉంది. చాయ్, సిగరెట్, గుట్కా, మద్యం అని అచ్చు వేసి ఉంటాయి. దాని కింద ఇప్పుడు నా చేత్తో ఇంకో ప్రశ్న రాసుకుంటాను: పనిలో మీ నోరు ఏం చేస్తుంది? అందరూ మొదట ఒకే జవాబు చెబుతారు, "నోటితోని ఏం పని మేడం?" అని. నేను రాయకుండా కలం పట్టుకుని కూర్చుంటాను. టైలరైతే కాసేపటికి, "దారం కొరుకుతననుకోండ్రి..." అని మొదలుపెడతాడు.