ఇసుక దిబ్బ మీద ఎర్రజెండా

మా నాయన బిట్రగుంటలో గూడ్సు బండ్లకు గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. అప్పటికి నేను వాకాడు దగ్గర మా సొంత ఊరి బడిలో టీచరును. ఆయన వచ్చి నా దగ్గర చేరాడు.

వచ్చిన కొత్తల్లో ఆయనకు పొద్దు గడిచేది కాదు. "ముప్పై ఏండ్లు జెండా ఊపినా. ఇప్పుడు నేను లేకపోయినా బండ్లు పోతానే ఉండాయి," అన్నాడొకసారి. బంధువులు గుడికి మంటపం కట్టించి పేరు చెక్కించుకోమన్నారు. నవ్వి ఊరుకున్నాడు.

సాయంత్రాలు పంచాయతీ ఆఫీసు అరుగు మీద రేడియో పెట్టేవాళ్ళు. కార్తీకంలో ఒకరోజు, సముద్రంలోకి వేటకు పోవద్దని అందులో చెప్పారు. నాయన విన్నాడు. మైలు దూరంలో, ఒడ్డునున్న జాలర్ల పట్టపుపాలేనికి ఆ మాట చేరలేదు. మర్నాడు పోయిన తెప్పల్లో ఒకటి తిరిగి రాలేదు. దాని మీద ముగ్గురు అన్నదమ్ములు.

 పది రోజులకు ఆయన అన్నం ముందు కూర్చుని నాతో అన్నాడు:

"నేను విన్నా గదమ్మా. విని, ఇంటికొచ్చి, కూడు తిని పండుకున్నా."

తర్వాత ఎర్రగుడ్డ తెచ్చి అంచు కుట్టమన్నాడు. పాలెం పక్కన ఇసుక దిబ్బ మీద సరుగుడు వాసం పాతించాడు. రేడియోలో హెచ్చరిక విన్నప్పుడల్లా, తెప్పలు కదలకముందే పోయి జెండా ఎక్కించేవాడు.

మొదటిసారి ఆకు కూడా కదల్లేదు. ఆ పూట వేట మానుకున్న పాలెం పెద్ద కోపంగా వచ్చాడు.

"గార్డుగారూ, జెండా చూపిస్తే నిలబడేదానికి ఇదేమన్నా రైలా?"

"నేను ఆపేవాణ్ణి కాదన్నా. రేడియోలో చెప్పింది చెప్తా ఉండా. పోయేదీ మానేదీ మీ ఇష్టం."

రెండోసారి జెండా చూసి కూడా పాలెం పెద్ద బయలుదేరబోయాడు. భార్య తెడ్డు మీద కూర్చుని, "నన్ను దాటుకోని పో," అంది. మధ్యాహ్నానికి గాలి లేచింది. పాలెంలో ఇండ్ల కప్పులు పోయాయి, మనుషులు మిగిలారు.

ఆ తర్వాత వాళ్ళు జెండాను నమ్మారని చెప్పలేను. చూడడం మాత్రం అలవాటు చేసుకున్నారు. అది ఎక్కిన రోజుల్లో చాలావాటికి గాలి రాలేదు. నాయన ఎందరిని బతికించాడో, ఎన్ని ఇళ్ళను పస్తు పెట్టాడో నాకు తెలియదు.

పందొమ్మిది వందల అరవైల మధ్యలో నాయన జ్వరంతో పోయాడు. దినాలు కాకముందే పాలెం పెద్ద భార్య మా ఇంటికి వచ్చింది. పరామర్శ మాటలేవీ ఆడలేదు.

"టీచరమ్మా, ఈ పొద్దు రేడియో ఎవురు ఇంటారు?"

ఆ సాయంత్రం నేనే పోయాను. ఆ అరుగు దగ్గర ఆడవాళ్ళు నిలబడే అలవాటు లేదు. మగవాళ్ళు కాస్త జరిగి చోటిచ్చారు. చిట్టమూరు బడికి బదిలీ అయ్యేదాకా మూడేళ్ళు విన్నాను. పోయేముందు ఆ పని పాలెం పెద్ద ఇంటి కోడలికి అప్పజెప్పాను. ఆ అమ్మాయికి చదువు లేదు గానీ, విన్న మాట పొల్లు పోనిచ్చేది కాదు. జెండా ఒక్కటే చాలదని, ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చేదట.