బళ్లారి కట్టల్లో కలిసిపోయిన ఉత్తరం

తప్పు చేసినవాణ్ణి తోసివేయక, దిద్దుకునే వేళ ఇచ్చే దేవునికి స్తోత్రం. కోర్టు కొలువులో ఇన్నేళ్లు నన్ను నిలబెట్టింది ఆయన కృపే.

1953లో కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులకు గదులు చాలక డేరాలు వేశారు. నేనప్పుడు కోర్టు రికార్డు రూములో గుమాస్తాను. తీర్పయిన కేసుల కాగితాలు గుడ్డలో కట్టి, చీటీ అంటించి భద్రపరచడం మా పని. ఆ ఏడాదే ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి విడిపోయి మా జిల్లాలో కలిశాయి. అక్కడి రికార్డులు లారీల్లో వచ్చాయి. వాటిలో బళ్లారి ఊళ్లవి కూడా కలిసి ఉంటే, ఏరి వెనక్కి పంపమన్నారు. గడువు వారం. అన్ని కట్టలూ విప్పే ఓపిక లేక, చీటీ మీద కన్నడ అక్షరాలున్నవన్నీ బళ్లారివేనని పంపేశాను.

రెండు నెలల తర్వాత ఆలూరు పక్క పల్లె నుంచి ఈరమ్మ వచ్చింది.

"నా మొగుని జాబు యాడుండాదో సూడప్పా."

ఆమె భర్త పటాలంలో చేరి బర్మా యుద్ధానికి వెళ్లాడు, తిరిగి రాలేదు. పొలం ఉమ్మడిదని బావ అడ్డం తిరిగితే ఈమె దావా వేసింది. భాగాలు అయిపోయాయని భర్త రాసిన ఒకే ఒక్క ఉత్తరం ఎగ్జిబిట్‌గా, అంటే సాక్ష్యపు కాగితంగా, కోర్టులో దాఖలైంది. కేసు గెలిచింది. ఉత్తరం కోర్టులోనే ఉండిపోయింది.

"పొలం వచ్చింది కదమ్మా," అన్నాను.

"పొలం మాట్లాడతాదా? వకీలు సదివినప్పుడు ఒగసారి ఇంటి. సగం మర్సిపోతి. మల్లా ఇనాల."

రిజిస్టరులో నంబరు దొరికింది. కట్ట లేదు. ఆ పల్లెల్లో బడి చదువు కన్నడంలో ఉండేదనీ, చీటీలూ ఆ అక్షరాలతోనే రాసేవారనీ అప్పుడు తట్టింది. మా గుమాస్తాలందరికీ పెద్ద అయిన శిరస్తదారు దగ్గరికి వెళ్లి జరిగింది ఒప్పుకున్నాను.

"అక్కడి రిజిస్టరులో లేని కట్టలు చెత్త కింద కాల్చేస్తారయ్యా. కూర్చొని ఇప్పుడే జాబు రాయి," అన్నారాయన.

రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. ఆదివారం గుడిలో వాక్యం వింటున్నా నా మనసు ఆ లారీ వెనకే పోయేది. ఈరమ్మ నెలకోసారి బస్సులో వచ్చి, వరండాలో కూర్చొని, రాలేదంటే లేచి వెళ్లేది. మూడోసారి ఆమె ముఖం చూడలేక చెప్పేశాను: "ఆ కట్టను పంపేసింది నేనేనమ్మా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు బళ్లారికి పంపితివి, నేను కోర్టుకిస్తి. ఎవుర్ని తిట్టుకోవాలప్పా?"

నాలుగో నెలలో కట్ట వచ్చింది, ఒక మూల చెదలు తిని. ఉత్తరం బాగానే ఉంది. నాకు కన్నడ అక్షరాలు రావు. కోర్టు అమీనాగా సమన్లు తీసుకెళ్లే ఖాదర్ సాబు బళ్లారిలో పెరిగినవాడు, ఆయన్ను పిలిచాను.

"గుమాస్తప్పకు ఇంగ్లీషే వస్తాది పాపం," అంటూ ఆయన వరండాలో కూర్చొని చదివాడు. అక్షరాలు కన్నడం, మాటలన్నీ మన తెలుగే. మొదట భాగాల సంగతి, ఆ తర్వాత ఇంటి మాటలు.

"'కర్రావు ఈనిందా?'"

"ఈనె. పెయ్యదూడ పుట్టె," అంది ఈరమ్మ.

"'కొట్టం మీద బోదగడ్డి ఏపించు.'"

"ఏపిస్తి."

"'జొన్న కోతలకు వస్తా.'"

ఖాదర్ సాబు కాగితం దించాడు.

"ఇంగా సదువు సాబూ."

"అంతేనమ్మా. అయిపాయె."

"అట్లయితే మొదట్నుంచి సదువు."

ఆయన మొదటి నుంచి చదివాడు. ఆమె మళ్లీ జవాబులు చెప్పింది. రసీదు మీద వేలిముద్ర వేసి, ఉత్తరం రవికెలో పెట్టుకొని బస్సు వేళకు వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొలువు దిగేదాకా ఏ కట్టనూ విప్పి చూడకుండా పక్కన పెట్టలేదు. తీర్పయిన కేసులో కూడా ఒక మనిషి ఇంకా ఎదురుచూస్తూ ఉండవచ్చని నాకు నేర్పింది ఈరమ్మే. తిరిగి రాని మనిషి మాట కోసం చెవి ఒగ్గి కూర్చున్నవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు. ఇది చదివిన మీరు, వాళ్ల కోసం నాతోపాటు ఇప్పుడే కాసేపు ప్రార్థించండి.